కోరం రెండువందల నాలుగు

ఊరి నీళ్ళూ దీపాలూ వీధులూ చూసుకునే ఉద్యోగుల సంఘం గురించి ఎవరు మాట మొదలుపెట్టినా అది తిరిగి తిరిగి రిజిస్టరమ్మ దగ్గరే ఆగుతుంది. ఆగాలి కూడా. ఒకే గదిలో ఐదు తరగతులు కూర్చునే పల్లెటూరి బడిలో పలక మీద దిద్దుకున్న మనిషి ఆమె. పురపాలక కార్యాలయంలో జనన మరణాల గుమాస్తాగా చేరి ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. ఆ ఇరవై ఆరేళ్ళలో ఆమె చేత్తో రాసిన పుట్టుకల్లో ఒక్క పేరు తప్పు పోలేదు, చావుల్లో ఒక్క తేదీ తారుమారు కాలేదు. అందుకే అసలు పేరు పోయి రిజిస్టరమ్మ అన్నదే మిగిలింది.

సంఘంలో ఆమె చేసినవి చెప్పుకుంటూ పోతే పొద్దుపోతుంది. వీధులు ఊడ్చేవాళ్ళకు వానకోట్లు ఇప్పించింది ఆమె. పంపుహౌస్‌లో ఆడవాళ్ళ స్నానాలగదికి లోపలివైపు గడియ పెట్టించింది ఆమె. ఆ ఒక్క గడియ కోసం పదకొండు అర్జీలు రాసింది. పదకొండో అర్జీకి ఇంజినీరు తానే గడియ కొని తెచ్చి, "అమ్మా, ఇదిగో, ఇక కాగితం మీద పెన్ను పెట్టకు," అని బతిమాలుకున్నాడు. వకీలుకు తప్ప ఎవరికీ అంతుపట్టని నలభై పేజీల నిబంధనావళిని పద్దెనిమిది పేజీలకు దించి, జేబులో పట్టే పుస్తకంగా అచ్చు వేయించిందీ ఆమే. కార్యదర్శి పదవిలో ఎవరూ రెండు దఫాలకు మించి ఉండకూడదని అందులో రాసి, ఆ గీత దగ్గర మొదట తానే ఆగింది.

ఇన్ని చేసిన మనిషి ఒక పొరపాటూ చేసింది. అది ఆమె ఒక్కతే చేయగల పొరపాటు. దాన్ని ఆమె ఎలా దిద్దుకుందో అందరూ తెలుసుకోవలసిందే.

అది ఆమె కార్యదర్శిగా ఉన్న ఆఖరి ఏడాది. సంఘంలో శాఖలు ఐదు: నీళ్ళు, దీపాలు, పారిశుధ్యం, వాహనాలు, ఆఫీసు. శాఖలో పాతికమందికి ఒక ప్రతినిధి చొప్పున ఇరవైనలుగురు ప్రతినిధులు. వాళ్ళ మీద ఏడుగురి కార్యవర్గం. అందరి మీదా సర్వసభ్య సభ. నిబంధన మార్చాలంటే ఆ సభే మార్చాలి. రిజిస్టరులో ఉన్న పేర్లలో మూడోవంతు మనుషులు హాజరై సంతకం పెడితేనే అది సభ. దాన్నే కోరం అంటారు. హాజరైనవాళ్ళలో మూడింట రెండు వంతులు చెయ్యెత్తితేనే మార్పు.

మార్చవలసింది ఒకే ఒక్క నిబంధన. రోజుకూలీ మీద వీధులు ఊడ్చే ఆడవాళ్ళు తొంభైనలుగురు ఉన్నారు. సంఘంలో వాళ్ళు సహ సభ్యులు. అంటే సభకు రావచ్చు, వెనక బెంచీల మీద కూర్చోవచ్చు, చెయ్యెత్తకూడదు. ఆఫీసుతో మూడేళ్ళకోసారి కుదిరే ఒప్పందం పూర్తి సభ్యులకే వర్తిస్తుంది. కాలు విరిగితే వైద్యమైనా, జబ్బు చేస్తే సెలవైనా, పర్మినెంటు జాబితాలో వరసైనా అన్నీ ఆ ఒప్పందంలోనే. అది ఇంకో రెండు నెలల్లో కుదరబోతోంది. ఈలోగా తొంభైనలుగురినీ పూర్తి సభ్యులు చేయకపోతే ఇంకో మూడేళ్ళు వాళ్ళు వెనక బెంచీల మీదే.

వాళ్ళ ముఠాకు పెద్ద పొద్దుపొడుపు పిన్ని. సూర్యుడికన్నా ముందే వీధిలో ఉంటుందని ఆ పేరు. యాభై దాటిన మనిషి, గొంతు విప్పితే నాలుగు వీధులు నిద్రలేస్తాయి. "ఏమ్మాయ్, ఈసారైనా మా చేతులు పైకి లేస్తాయా, చీపురు పట్టుకోడానికేనా అవి?" అని ఆమె అడిగిన రోజున రిజిస్టరమ్మ, "లేస్తాయి పిన్నీ. లేపకుండా నేను దిగను," అని మాట ఇచ్చింది.

సభ ఆదివారం ఉదయం పది గంటలకు బడి హాల్లో పెట్టారు. అధ్యక్షుడు నీళ్ళ ట్యాంకరు నడిపే మనిషి. ఊరందరికీ ట్యాంకరు బావ. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టబోతుండగా దీపాల శాఖ ప్రతినిధి లైన్‌మన్ లేచాడు.

"అధ్యక్షా, కోరం ఉందా?"

సంతకాలు లెక్కపెట్టారు. నూట ఎనభై ఏడు. రిజిస్టరులో ఆరువందల పన్నెండు పేర్లు. మూడోవంతు అంటే రెండువందల నాలుగు. ట్యాంకరు బావ గోడ గడియారం వైపు చూశాడు. నిబంధన ప్రకారం అరగంట ఆగారు. ఇంకెవరూ రాలేదు. సభ వాయిదా పడింది. వాయిదా సభ పద్నాలుగు రోజుల్లోపు జరగాలి. అందులోనూ కోరం లేకపోతే ఆ ప్రతిపాదన రెండేళ్ళదాకా ఎత్తకూడదు.

కుర్చీలు మడుస్తూ బండి మెకానిక్ ఒకడు నవ్వాడు. "రిజిస్టరు చాంతాడంత ఉందిగానీ అక్కా, హాల్లో మనుషులేరీ? నక్షత్రాలవాళ్ళని కూడా పిలవాల్సింది!"

అందరూ నవ్వారు. రిజిస్టరమ్మ నవ్వలేదు. రిజిస్టరు దగ్గరికి లాక్కుంది.

నక్షత్రాల సంగతి ఇది. చాలా ఏళ్ళ కిందట కాలువ పనిలో ఉండగా ఒక మనిషి పోయాడు. మరణ పత్రం కోసం అతని తల్లి రిజిస్టరమ్మ కౌంటరు ముందుకొచ్చింది. పత్రం తీసుకుని, "ఇక్కడ పోయాడని రాశావు తల్లీ. మీ సంఘం పుస్తకంలో కూడా కొట్టేస్తావా?" అని అడిగింది. రిజిస్టరమ్మ కొట్టలేకపోయింది. పేరు పక్కన చిన్న నక్షత్రం గీసి వదిలేసింది. అప్పటినుంచీ అదే ఆనవాయితీ అయింది. ఏటా సర్వసభ్య సభలో నక్షత్రం పేర్లన్నీ చదువుతారు. ఒక్కో పేరుకూ ఆ శాఖవాళ్ళు లేచి "ఉన్నారు" అంటారు. అది చూసి పక్క ఊళ్ళ సంఘాలవాళ్ళు కూడా నేర్చుకుపోయారు. ఆమె చేసినవాటిలో ఆమె ఎక్కువగా గర్వపడింది దానికే.

ఆమె హాల్లోనే కూర్చుని నక్షత్రాలు లెక్కపెట్టింది. యాభై ఏడు. బతికున్న సభ్యులు ఐదువందల యాభై ఐదు. వాళ్ళలో మూడోవంతు నూట ఎనభై ఐదు. హాలుకు వచ్చినవాళ్ళు నూట ఎనభై ఏడుమంది. ఊరందరి చావులూ పద్దు తప్పకుండా రాసిన మనిషి, తన సంఘంలో చావుల్ని మాత్రం లెక్కలోంచి తీయడం మరిచిపోయింది.

ట్యాంకరు బావ ఆ కాగితం చూసి తేలిగ్గా ఊపిరి వదిలాడు. "ఓస్, ఇంతేనా మరదలా! ఆ పేర్లు కొట్టేసి, పోయిన నెల తారీకు వెయ్యి. సభ చెల్లిందని రేపే రాసేద్దాం. ఎవడడుగుతాడు?"

"నేనడుగుతాను బావా."

"నీ పెన్నే, నీ పుస్తకమే. నిన్ను నువ్వే అడుగుతావా?"

"సభకి ముప్పై రోజుల ముందు రిజిస్టరు మూసేయాలి. వాయిదా సభకీ అదే జాబితా. ఆ మాట రాసింది నేను. దొంగ తారీకు వేస్తే లైన్‌మన్ దాన్ని పట్టుకుని కార్మిక శాఖకి పోతాడు. అతను పోకపోయినా సరే, ఆ పని నేను చేయను."

"అయితే ఏం చేస్తావు?"

"రెండువందల నాలుగు అన్నాంగా. రెండువందల నలుగురు బతికున్నవాళ్ళని తెస్తాను."

"పద్నాలుగు రోజుల్లో?"

"పదమూడు. ఇవాళ అయిపోయింది."

పొద్దుపొడుపు పిన్నికి ఈ సంగతి ఇంకెవరో చెప్పేలోగా తానే చెప్పాలని రిజిస్టరమ్మ మర్నాడు ఆమె ఊడ్చే వీధికే వెళ్ళింది. పిన్ని చీపురు గోడకు ఆనించి అంతా విన్నది.

"అయితే బతికున్నవాళ్ళం తొంభైనలుగురం వెనక బెంచీలో కూర్చుంటే, పోయినవాళ్ళు యాభై ఏడుగురు ముందు వరసలో కూర్చున్నారన్నమాట!"

"తప్పు నాదే పిన్నీ."

"నీదే. కాదంటే ఊరుకునేదాన్నా? సరే, ఒప్పుకున్నావుగా. ఇప్పుడు ఆ కళ్ళు తుడుచుకో. చెత్తబండి వచ్చే టైమయింది, నువ్వు దారికడ్డం."

రిజిస్టరమ్మ కళ్ళు తుడుచుకుని పనిలోకి దిగింది. ఆరేళ్ళ హాజరు పుస్తకాలు ముందేసుకుని, సభలకు వచ్చేదెవరు, రానిదెవరు అని వరసగా చూసింది. ఇంటి బల్లంతా కాగితాలే. ఆమె భర్త గ్రంథాలయంలో అటెండరు, నోట్లో నాలుక లేనట్టుంటాడుగానీ ఇంట్లో మాత్రం చురకలు వేస్తాడు. "నేను పోతే నా పేరు పక్కన కూడా నక్షత్రం పెడతావా, ఇంటి పనుల లెక్కలో?" అన్నాడు కంచం పెట్టుకోడానికి చోటు వెతుక్కుంటూ.

"మీరు బతికుండగానే హాజరు అంతంతమాత్రం," అని ఆమె తల ఎత్తకుండా జవాబిచ్చింది.

పుస్తకాల్లో ఒక సంగతి తేలింది. నీళ్ళ శాఖవాళ్ళు నూట ఇరవైమందిలో సభకు ఎప్పుడూ పాతికమంది మించి రాలేదు. బద్ధకం కాదు. పంపులు ఆగకూడదు కనుక సగంమంది షిఫ్టులో ఉంటారు, తక్కినవాళ్ళు ఆ ఉదయం పూట పడుకుని ఉంటారు. ఇన్నేళ్ళూ సభ పెట్టింది ఆఫీసువాళ్ళకు వీలైన చోట, ఆఫీసువాళ్ళకు వీలైన వేళ. మరి నీళ్ళవాళ్ళు అందరూ ఒకచోట కలిసే వేళ ఏది? షిఫ్టు మారే మధ్యాహ్నం రెండు గంటలు. దిగేవాళ్ళు సంతకం పెట్టి వెళ్తుంటారు, ఎక్కేవాళ్ళు సంతకం పెట్టి వస్తుంటారు. పంపుహౌస్ ఆవరణలో సభ పెడితే? మోటారు దగ్గర నలుగురు ఉంటే చాలు, తక్కినవాళ్ళు గుమ్మం దాటి పది అడుగులు వేస్తే సభ.

వాయిదా సభ ఎక్కడ, ఎప్పుడు అన్నది ప్రతినిధులు తేల్చాలి. ఇరవైనలుగురూ కూర్చున్నారు. లైన్‌మన్ మండిపడ్డాడు.

"సభని మోటారు చప్పుడులో పెడతారా? ఇది నెగ్గించుకోడానికి వేసిన ఎత్తు!"

"ఎత్తే," అంది రిజిస్టరమ్మ. "మనుషుల్ని రప్పించడానికి వేసిన ఎత్తు. నిబంధనల్లో తప్పుంటే పేజీ చెప్పు తమ్ముడూ."

పేజీ దొరకలేదు. చేతులెత్తితే అటు పన్నెండు, ఇటు పన్నెండు. సమానమైతే అధ్యక్షుడి ఓటు. ట్యాంకరు బావ అందరినీ ఒకసారి చూసి, మీసం దువ్వుకుని, "ముప్పై ఏళ్ళుగా నీళ్ళు మోస్తున్నాను. ఇవాళ ఇంకోవైపు ఎలా పోతాను?" అన్నాడు. అంతే, పంపుహౌస్ ఖాయమైంది.

నోటీసు ప్రతి పనిచోటా మూడు రోజుల ముందు అంటించాలి. చోట్లు ముప్పై ఒకటి. ఆమె ఎవరినీ నమ్మలేదు. మైదాపిండి జిగురు డబ్బా సంచిలో పెట్టుకుని, ఆఫీసు అయ్యాక తానే తిరిగి ముప్పై ఒక్క కాగితాలూ అంటించింది. ఒక్కో చోట ఆగి నలుగురితో మాట్లాడింది. "అక్కా, మాకెందుకు ఈ గోల, మా ఉద్యోగాలు పక్కావేగా," అన్నవాళ్ళకు, "రాకపోతే రాకపోయావు, కానీ రాకపోవడం కూడా ఓటే అవుతుంది, చూసుకో," అని చెప్పింది. ఎనిమిది రోజులు కాళ్ళకు బలపం కట్టుకున్నట్టు తిరిగింది. చెప్పు తెగితే పిన్నుతో బిగించుకుని తిరిగింది.

సభ రోజు మధ్యాహ్నం రెండయింది. పంపుహౌస్ ఆవరణలో మనుషులు గోడల మీదా, పైపుల మీదా, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు. తొంభైనలుగురు ఆడవాళ్ళూ వాల్వు గది నీడలో వరసగా కూర్చున్నారు. వాళ్ళు లెక్కలోకి రారు. రెండూ ఇరవైకి హాజరు పుస్తకంలో సంతకాలు రెండువందల ఒకటి. కావలసినవి ఇంకో మూడు. గడువు రెండున్నర. దిగిన షిఫ్టువాళ్ళు అప్పటికే ఇళ్ళవైపు చూస్తున్నారు.

గేటు బయట దీపాల శాఖ మొత్తం, ఇరవై ఎనిమిదిమంది, లైన్‌మన్ వెనక చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. లోపలికి రావడం లేదు.

ట్యాంకరు బావ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "వాళ్ళలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు మెత్తగా ఉన్నారు. పక్కకి పిలిచి లోపలికి లాగేస్తాను. ముగ్గురొస్తే చాలు. వాళ్ళు వ్యతిరేకంగా ఎత్తినా మనం నెగ్గుతాం."

లెక్క సరైనదే. రెండువందల నలుగురైతే నూట ముప్పై ఆరు చేతులు చాలు. ఇరవై ఎనిమిదిమందీ వస్తే నూట యాభైమూడు కావాలి. అన్ని చేతులు ఉన్నాయో లేవో ఆమెకు తెలియదు.

"వద్దు బావా. దొంగచాటుగా ముగ్గుర్ని లాక్కొచ్చి నెగ్గితే రేపు ఒప్పందం బల్ల దగ్గర ఆ పాతికమందీ మన పక్కన కూర్చుంటారా? వస్తే అందరూ రావాలి."

ఆమె గేటు దాటి బయటికి వెళ్ళింది.

"లోపలికి రా తమ్ముడూ."

"రాను అక్కా. సభకి వచ్చి తీరాలని నీ పుస్తకంలో ఎక్కడుందో నువ్వు పేజీ చెప్పు."

"లేదు. రాయలేదు."

"మరింకేం? వాళ్ళు తొంభైనలుగురు. మేం ఇంతమందిమే. రేపు కమిటీ వాళ్ళది, ఒప్పందం వాళ్ళది. స్తంభం ఎక్కేవాడి గోడు ఎవడు వింటాడు? మేం రాకపోతే అక్కడితో సరి."

"కోరం రెండువందల నాలుగు ఎందుకయిందో తెలుసా నీకు?"

అతను పక్కకి చూశాడు.

"తెలుసు. తెలిసే ఆ రోజు లేచావు. నక్షత్రాలు తీసేస్తే నూట ఎనభై ఐదే. ఆ యాభై ఏడుగురిలో మీ అన్న ఒకడు. స్తంభం మీదనుంచి పడ్డ రోజున ఆ పేరు పక్కన నక్షత్రం గీసింది నేనే. నువ్వు బయట నిలబడి నెగ్గితే, నెగ్గింది నువ్వు కాదు తమ్ముడూ. మీ అన్నని గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి నెగ్గినట్టు."

లైన్‌మన్ మొహం ఎర్రబడింది. వెనక ఎవరో ఏదో అనబోతే చేత్తో ఆపాడు.

"నన్ను లొంగదీద్దామనా?"

"లోపలికొచ్చి నాకు వ్యతిరేకంగా చెయ్యెత్తు. నన్ను తిట్టు. అందరికన్నా ముందు నువ్వే మాట్లాడు, పది నిమిషాలు. నీ గోడు ప్రతి మాటా మినిట్స్‌లో రాస్తాను."

"ప్రతి మాటా?"

"కామాలతో సహా."

లోపల ట్యాంకరు బావ గడియారం చూస్తూ నుదురు తుడుచుకుంటున్నాడు. రెండూ ఇరవై నాలుగు. లైన్‌మన్ వెనక్కి తిరిగి తనవాళ్ళతో, "పదండిరా. సంతకాలు పెట్టండి. చేతులు మాత్రం అనుకున్నట్టే," అన్నాడు. ఆఖరి సంతకం పడేసరికి రెండూ ఇరవై తొమ్మిది. హాజరు రెండువందల ఇరవై తొమ్మిది.

లైన్‌మన్ పది నిమిషాలూ మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. చిన్న శాఖలు పెద్ద శాఖల కింద ఎలా నలుగుతాయో అతను చెప్తుంటే ఆఫీసు శాఖలో కూడా కొన్ని తలలు ఊగాయి. రిజిస్టరమ్మ ఆ తలల్ని చూస్తూనే, ఒక్క మాట పోకుండా రాసింది.

సహ సభ్యులు మాట్లాడాలంటే అధ్యక్షుడి అనుమతి కావాలి. ట్యాంకరు బావ పిన్నికి రెండు నిమిషాలు ఇచ్చాడు. ఆమె వాల్వు గది నీడలోనుంచి లేచి నిలబడింది. మోటారు చప్పుడు ఆమె గొంతుకు ఏ మూలకీ రాలేదు.

"ఏ స్తంభం వెలగడం లేదో మీకు చెప్పేదెవరు నాయనా? తెల్లారకముందు వీధిలో ఉండేది మేమే. మూలమీద దీపం పోయింది, ఫలానా తీగ వేలాడుతోంది అని మేం చెప్తే కదా మీరు నిచ్చెన వేసుకొచ్చేది. పోయిన వానాకాలంలో తీగ తెగి నీళ్ళలో పడితే, అటు ఎవరూ పోకుండా ఇద్దరు ఆడవాళ్ళం చీపుర్లు అడ్డం పెట్టుకుని గంటసేపు నిలబడ్డాం, మీ మనిషి వచ్చేదాకా. మీకు మా కళ్ళు కావాలి. మా నోళ్ళు కావాలి. చేతులు మాత్రం వద్దా?"

కూర్చుంది. రెండు నిమిషాల్లో సగమే వాడుకుంది.

లెక్కపెట్టడానికి ఇద్దరు: అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు. అనుకూలంగా చేతులు లేచాయి. ఇద్దరూ వరసల మధ్య నడుస్తూ లెక్కపెట్టారు. ఒకరు నూట యాభై ఆరు అన్నారు, ఇంకొకరు నూట యాభై ఏడు. మళ్ళీ లెక్కపెట్టండి అంది రిజిస్టరమ్మ. చేతులు అలాగే నొప్పి పుట్టేదాకా పైనే ఉన్నాయి. రెండోసారి ఇద్దరూ నూట యాభై ఏడు అన్నారు. దీపాల శాఖ కుర్రాళ్ళు ముగ్గురి చేతులు అందులో ఉన్నాయి. లైన్‌మన్ వాళ్ళవైపు చూసి తల తిప్పుకున్నాడు. వ్యతిరేకం డెబ్బైరెండు. తన చెయ్యి మాత్రం అతను నిటారుగా ఎత్తాడు.

కావలసినవి నూట యాభైమూడు. నాలుగు చేతుల మీద నిబంధన మారింది.

వాల్వు గది నీడలో కేకలు లేచాయి. రిజిస్టరమ్మ కేకలు వేయలేదు. పెన్ను గట్టిగా పట్టుకుని, "మినిట్స్ పూర్తయ్యేదాకా ఎవరూ కదలొద్దు," అంది.

ఆ వారమే తొంభైనాలుగు పేర్లు రిజిస్టరులో ఎక్కించింది. ఒక్క పేరు తప్పు పోలేదు. రెండు నెలలకు ఒప్పందం కుదిరింది. ఆ బల్ల దగ్గర లైన్‌మన్, పొద్దుపొడుపు పిన్ని పక్కపక్కన కూర్చున్నారు. స్తంభం ఎక్కేవాళ్ళ బీమా మాట పిన్నే ముందు ఎత్తింది. నక్షత్రాల పేర్లు వేరే పుస్తకంలోకి మారాయి. రిజిస్టరమ్మ రెండో దఫా అయిపోగానే తాళాలు కొత్త కార్యదర్శికి అప్పగించి, మామూలు సభ్యురాలిగా జనంలో కూర్చుంది.

మరుసటి ఏడు సర్వసభ్య సభలో ఆమె ఒక ప్రతిపాదన పెట్టింది. ఇకమీదట సభలన్నీ మధ్యాహ్నం రెండింటికే, పంపుహౌస్‌లోనే జరగాలని. తన ఎత్తు అంత బాగా పారాక అది నెగ్గుతుందనడంలో ఆమెకు అనుమానమే లేదు.

వెనక వరసలోనుంచి పొద్దుపొడుపు పిన్ని లేచింది.

"మాకు కుదరదు. నాలుగింటికి లేచినవాళ్ళం, మధ్యాహ్నం ఆ రెండు గంటలే మేం నడుం వాల్చేది. నీళ్ళవాళ్ళ నిద్ర లెక్కపెట్టావు, మా నిద్ర లెక్కపెట్టలేదు. ఏమ్మాయ్, మమ్మల్ని అడిగావా?"

అడగలేదు. ఆ మాట ఆమె లేచి ఒప్పుకుంది. ఒక్కో సభ ఒక్కో శాఖకు వీలైన వేళ జరగాలని పిన్ని సవరణ పెట్టింది. అధ్యక్షుడు చేతులు ఎత్తమన్నాడు. రిజిస్టరమ్మకు వ్యతిరేకంగా తొంభైనాలుగు చేతులు లేచాయి. వాటి పక్కన ఇంకా చాలా చేతులు లేచాయి. ఇంతకాలం వెనక బెంచీల మీద కూర్చున్న అలవాటో ఏమో, పిన్ని చెయ్యి మాత్రం భుజం దాకానే లేచి ఆగింది.

రిజిస్టరమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"పిన్నీ, ఇంకా పైకెత్తు. లెక్కపెట్టేవాళ్ళకి కనపడాలిగా."